ఆరు పిస్టన్ల బ్రేక్ కిట్ కొనే ముందు చక్రం విప్పి చూడు

అడిగిన ప్రశ్న ఇది: "అన్నా, మాది హనుమకొండ. 2018 స్కోడా ఆక్టేవియా 1.8 టీఎస్‌ఐ సెకండ్ హ్యాండ్‌లో కొని, ఇంజను బలం పెరిగేలా దాని కంప్యూటర్‌ను రీమ్యాప్ చేయించాను. ఈ మధ్య ఆదిలాబాద్ వెళ్లి వస్తూ నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ దిగుతుంటే బ్రేక్ పెడల్ మెత్తబడి సగం దాకా దిగిపోయింది, మాడు వాసన వచ్చింది. హైదరాబాద్ రోడ్డులో వంద దాటాక బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతోంది. గట్టిగా తొక్కితే ఏబీఎస్ పని చేస్తోంది కానీ బండి అనుకున్నంత దగ్గరలో ఆగడం లేదు. ఆరు పిస్టన్ల కాలిపర్లు, రంధ్రాలున్న డిస్కులతో కిట్ ఒకటిన్నర లక్షకు ఇస్తామంటున్నారు. తీసుకోమంటావా? ఏడాదిలో ఒకటి రెండుసార్లు రేస్ ట్రాక్ మీదికి కూడా వెళ్లాలని ఉంది."

తమ్ముడూ, ఇప్పుడే తీసుకోవద్దు. నువ్వు చెప్పినవి మూడూ ఒకే జబ్బు లక్షణాలు కావు. పెడల్ మెత్తబడటం ఒకటి, స్టీరింగ్ వణకడం మరొకటి, ఏబీఎస్ (చక్రం లాక్ కాకుండా బ్రేకును వదులుతూ పట్టే ఏర్పాటు) పని చేస్తున్నా బండి దూరం వెళ్లి ఆగడం ఇంకొకటి. ఒక్కోదానికి కారణం వేరు, మందు వేరు. నీకు అమ్మజూపుతున్న కిట్ ఈ మూడింటిలో ఏ ఒక్కదాన్నీ నేరుగా బాగు చేయదు. వరంగల్, కరీంనగర్ వైపు నుంచి షెడ్డుకు వచ్చే వేగం బండ్లలో ఇదే చూస్తుంటాను. డబ్బంతా కంటికి కనిపించే ఎర్ర కాలిపర్ల మీద, అంటే ప్యాడ్లను డిస్కు మీద నొక్కే భాగాల మీద పెడతారు, లోపల బ్రేక్ ఆయిల్ మాత్రం షోరూమ్ నుంచి వచ్చిన నాటిదే ఉంటుంది.

ముందు లెక్క చూడు. బ్రేకు చేసే పని ఒక్కటే, బండి వేగాన్ని వేడిగా మార్చడం. మనుషులతో కలిపి నీ బండి 1,500 కిలోలు అనుకుందాం. 100 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆపితే సుమారు 580 కిలోజౌళ్ల శక్తి వేడిగా మారాలి. 140 నుంచి ఆపితే అది 1,130 దాటుతుంది. వేగం నలభై శాతం పెరిగితే వేడి దాదాపు రెట్టింపు అయింది. అందులో డెబ్బై శాతం ముందు చక్రాలే మోస్తాయనుకో, ముందు డిస్కులు ఒక్కొక్కటి ఏడెనిమిది కిలోలు అనుకో. 140 నుంచి ఒక్కసారి ఆపితేనే డిస్కు వేడి వంద డిగ్రీలకు పైగా పెరుగుతుంది. అది చల్లారకముందే మళ్లీ తొక్కితే దాని మీద ఇంకో వంద. రీమ్యాప్ వల్ల బ్రేకు మీద పడే బరువు ఇదే. హార్స్‌పవర్ పెరిగిందని బ్రేకు నేరుగా అలసిపోదు. రెండు బ్రేకుల మధ్య నువ్వు అందుకునే వేగం పెరిగింది, డిస్కు చల్లారే సమయం తగ్గింది, అందుకే అలసిపోతుంది.

ఇప్పుడు ఘాట్ సంగతి. అదే బండి బ్రేకుల మీదే ఆధారపడి 100 మీటర్ల ఎత్తు దిగితే సుమారు 1,470 కిలోజౌళ్లు వేడిగా మారాలి. అంటే 140 నుంచి ఒకసారి ఆపిన దానికంటే ఎక్కువ. పైగా నెమ్మదిగా దిగుతావు కాబట్టి డిస్కులకు గాలి తక్కువ తగులుతుంది, కాలు పెడల్ మీదే ఉంటుంది. నువ్వు ఘాట్‌లో వేగంగా నడిపి ఉండకపోవచ్చు, అయినా బ్రేకులకు అది ట్రాక్ మీది పనే. దానికి మందు మార్కెట్లో దొరకదు, నీ గేర్ లివర్ దగ్గరే ఉంది. డీఎస్‌జీని, అంటే నీ ఆటోమేటిక్ గేర్లను, మాన్యువల్‌లోకి తెచ్చి రెండో గేరులోనో మూడో గేరులోనో దిగు. వేగం పెరిగినప్పుడు ఒకసారి గట్టిగా తొక్కి తగ్గించి పూర్తిగా వదిలేయి. సన్నగా తొక్కిపట్టి దిగడం వల్లే ఆ వాసన వచ్చింది.

ఇక పెడల్. ఇది బాగా గుర్తుంచుకో, ఎందుకంటే ప్రాణం మీదికి వచ్చేది ఇదే. వేడెక్కిన బ్రేకు రెండు రకాలుగా చేతులెత్తేస్తుంది. పెడల్ రాయిలా గట్టిగా ఉండి, ఎంత బలంగా తొక్కినా బండి ఆగకపోతే ప్యాడ్ తన వేడి హద్దు దాటిందని అర్థం. పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతే కాలిపర్‌లో ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుట్టాయని అర్థం. ద్రవం నొక్కితే కుదించుకుపోదు, ఆవిరి కుదించుకుపోతుంది. నీ కాలి బలమంతా ఆ బుడగలను నొక్కడానికే ఖర్చయింది. నీది ఈ రెండో రకం. కాలిపర్‌లో ఆరు పిస్టన్లు కాదు, పన్నెండు పెట్టినా ఆయిల్ మరిగితే పెడల్ దిగిపోతుంది.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. అదే ఆయిల్‌లో 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155 డిగ్రీలు మాత్రమే. డాట్ 5.1కు ఈ అంకెలు 260, 180. డాట్ 3కు 205, 140. మన దగ్గర వానాకాలం నాలుగు నెలలు గాలి ఎంత చెమ్మగా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఆయిల్‌ను రెండేళ్లకోసారి మార్చాలి, బండి తిరిగినా తిరగకపోయినా. సెకండ్ హ్యాండ్ బండి కొంటే తారీఖు అడగనే వద్దు, కొన్న వారంలోనే మార్పించు. రిజర్వాయర్ మూత తీసి చూడు. కొత్త ఆయిల్ లేత పసుపు రంగులో, అవతలి గోడ కనిపించేంత తేటగా ఉంటుంది. నీ బండిలో అది హోటల్ చాయ్ రంగులో ఉంటుందని నా నమ్మకం. రంగు ఒక్కటే రుజువు కాదు గానీ, ఆ రంగు చూశాక మార్పించడానికి ఇంకే పరీక్షా అక్కర్లేదు.

ఏది పోయాలి? నీ బండికి ఈఎస్‌పీ ఉంది, అంటే బండి జారకుండా ఒక్కో చక్రానికి తానే బ్రేకు వేసే ఏర్పాటు; దాని వాల్వులు చాలా సన్నటి దారుల్లో వేగంగా పని చేయాలి. కాబట్టి తక్కువ చిక్కదనం ఉన్న డాట్ 4 రకం, డబ్బా మీద క్లాస్ 6 అని ఉంటుంది, అది తీసుకో. రోడ్డుకూ ఘాట్‌కూ అది చాలు. ట్రాక్ కోసం మూడు వందల డిగ్రీలు దాటినా మరగని రేసింగ్ ఆయిల్ ఉంటుంది. మంచిదే, కానీ దాన్ని రెండేళ్లు ఉంచే లెక్క కాదు. ట్రాక్ మీద బాగా మరిగాక బ్లీడింగ్ చేయాలి, అంటే కాలిపర్లలోని ఆ ఆయిల్‌ను, బుడగలను బయటకు తీయాలి, ఏడాదికి ఒకసారైనా మొత్తం మార్చాలి. డాట్ 5 అని రాసి ఉన్న సిలికాన్ రకాన్ని మాత్రం నీ బండి దరిదాపులకు రానివ్వొద్దు. పేరులో 5.1కు దగ్గరగా ఉంటుంది కానీ పూర్తిగా వేరే పదార్థం, ఉన్న ఆయిల్‌తో కలవదు. ఇంకో మాట, సీలు ఉన్న డబ్బాను నీ కళ్ల ముందే విప్పమని చెప్పు. షెల్ఫు మీద సగం వాడి మూత పెట్టిన డబ్బాలోని ఆయిల్ అప్పటికే తేమ తాగి ఉంటుంది. నాలుగు చక్రాల దగ్గరా పాత ఆయిల్ పూర్తిగా బయటకు వచ్చి తేటగా వచ్చేదాకా తీయాలి. రిజర్వాయర్‌లోంచి పీల్చి పైపైన నింపి పంపితే మరిగే చోట, అంటే కాలిపర్‌లో, పాత ఆయిల్ అలాగే ఉండిపోతుంది.

స్టీరింగ్ వణుకుకు వద్దాం. డిస్కు వంగిపోయిందని ప్రతి మెకానిక్ చెబుతాడు, కొత్త డిస్కులు అమ్ముతాడు. పోత ఇనుము డిస్కు నిజంగా వంగడం చాలా అరుదు. ఎక్కువసార్లు జరిగేది వేరు. బాగా వేడెక్కిన ప్యాడ్ నుంచి పదార్థం డిస్కు మీద ఒక చోట ముద్దగా అంటుకుంటుంది. ఆ చోటు తిరిగి వచ్చినప్పుడల్లా పట్టు మారుతుంది, పెడల్ కొట్టుకుంటుంది, స్టీరింగ్ వణుకుతుంది. వేగంగా వచ్చి గట్టిగా బ్రేక్ వేసి, కోమళ్ల టోల్ గేటు దగ్గర వరుసలో కాలు పెడల్ మీదే పెట్టి నిలబడతాం చూడు, అప్పుడు వేడి ప్యాడ్ తన ముద్రను డిస్కు మీద వదిలిపోతుంది. గట్టిగా బ్రేక్ వేసిన తర్వాత బండిని కాస్త కాస్త ముందుకు కదలనిస్తూ ఉండు, లేదా చదునుగా ఉంటే న్యూట్రల్‌లో పెట్టి కాలు తీసేయి.

రెండో కారణం తుప్పు. డిస్కుకూ, అది బిగిసి కూర్చునే హబ్‌కూ మధ్య తుప్పు పొర ఉంటే డిస్కు కొంచెం వాలుగా కూర్చుంటుంది. కంటికి కనిపించదు, కానీ డయల్ గేజ్ పెట్టి తిప్పితే సూది ఊగుతుంది. ఆ ఊపు మిల్లీమీటరులో పదో వంతుకు చేరితే కొన్ని వేల కిలోమీటర్లలో డిస్కు మందం ఒక చోట తగ్గి, ఇంకో చోట మిగిలి, వణుకు మొదలవుతుంది. కాబట్టి కొత్త డిస్కు వేసినా సరే, పాతది తీశాక హబ్ ముఖాన్ని తీగ బ్రష్షుతో మెరిసేదాకా రుద్దకపోతే ఆ కొత్త డిస్కు కూడా ఏడాదిలో వణుకుతుంది. మూడోది, పంక్చర్ షాపులో గాలి గన్నుతో బోల్టులు బిగించడం. నీ బండి చక్రం బోల్టులకు 120 న్యూటన్ మీటర్ల బిగుతు సరిపోతుంది. గన్నుతో ఒకటి 80, ఇంకొకటి 200 అవుతుంది, డిస్కు అటూ ఇటూ లాగబడుతుంది. టార్క్ రెంచ్ ఒకటి కొని డిక్కీలో పెట్టుకో. ఆ కిట్ మీద పెట్టే డబ్బులో ఇది ఎన్నో వంతో నువ్వే లెక్క వేసుకో.

డిస్కు అంచు మీద కనీస మందం అంకె అచ్చు వేసి ఉంటుంది. మైక్రోమీటర్‌తో కొలిచి, దానికి బాగా ఎగువన ఉంటే డిస్కును బండి మీదే లేత్ పట్టి సాఫు చేయించి వాడుకోవచ్చు. దగ్గరికి వచ్చి ఉంటే కొత్తవి వేయడమే. ఒకే చక్రానికి వేయకూడదు, జతగా వేయాలి.

ఇక ఏబీఎస్ పని చేస్తున్నా బండి దూరం వెళ్లి ఆగడం. దీనిలో అందరూ పొరపడతారు, కాబట్టి నిదానంగా చదువు. ఏబీఎస్ పని చేసిందంటే బ్రేకు ఆ టైరును లాక్ చేసేంత బలం ఇప్పటికే ఇచ్చిందని అర్థం. బలం చాలక కాదు, టైరు పట్టు అయిపోయింది. అప్పుడు ఇంకా పెద్ద బ్రేకు పెడితే ఏబీఎస్ ఇంకొంచెం ముందే వదులుతుంది, అంతే. మంచి టైరు, పొడి రోడ్డు మీద వందలో నుంచి ఆగడానికి సుమారు 40 నుంచి 44 మీటర్లు పడుతుంది. అదే టైరు గట్టిపడి పట్టు ఐదో వంతు తగ్గితే దూరం 50 మీటర్లకు పైకి పోతుంది. ఆ తేడా ఒక బండి పొడవు కంటే ఎక్కువ. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు చూడు. 2318 అని ఉంటే 2018లో 23వ వారం చేసిన టైరు. గాడి లోతుగానే ఉన్నా, మే నెలలో మన ఎండకు ఏళ్ల తరబడి కాలిన రబ్బరు గోరు దిగనంత గట్టిగా మారుతుంది. నీ బండి మీద అలాంటి టైర్లుంటే మొదటి డబ్బు అక్కడే పెట్టు. నాలుగూ ఒకే రకం. వెనక షాక్ అబ్జార్బర్లు కూడా చూడమని చెప్పు. చక్రం ఎగురుతూ ఉంటే దానికి పట్టు ఉండదు, ఏబీఎస్ పొరపాటున వదులుతుంది.

టైర్లూ ఆయిల్ అయ్యాక ప్యాడ్లు. బ్రేకుల్లో డబ్బుకు తగిన ఫలం ఎక్కువగా ఇచ్చేది ఇదేనని నా గట్టి అభిప్రాయం. ముందు పాత ప్యాడ్ల నుంచి నేర్చుకో. విప్పిన ప్యాడ్లను బల్ల మీద పక్కపక్కన పెట్టి చూడు. లోపలి ప్యాడ్ మూడు మిల్లీమీటర్లు, బయటిది ఎనిమిది మిగిలి ఉందంటే కాలిపర్ స్లైడ్ పిన్లు ఎండిపోయి కాలిపర్ జరగడం లేదు. అప్పుడు ఒక ప్యాడే పని చేస్తోంది, వేడంతా డిస్కుకు ఒక పక్కనే పుడుతోంది. ప్యాడ్ ముఖం అద్దంలా మెరుస్తూ ఉంటే అది మాడింది. అంచులు తెల్లబడి వేలితో రుద్దితే పొడిలా రాలితే లోపల పదార్థాన్ని పట్టి ఉంచే జిగురు కాలిపోయింది. డిస్కు మీద నీలం మచ్చలుంటే ఆ చోటు విపరీతంగా వేడెక్కింది. పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు తొడుగు చిట్లిందా చూడు. మన ఎర్ర మట్టి దుమ్ము, భూపాలపల్లి, గోదావరిఖని వైపు బొగ్గు లారీల దుమ్ము అక్కడి నుంచే లోపలికి పోతుంది. స్లైడ్ పిన్లకు బ్రేకుల కోసం చేసిన సిలికాన్ గ్రీజే పెట్టాలి. బేరింగుల గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ బిగుసుకుంటుంది.

ప్యాడ్ వెనక రేకు మీద లేదా అంచు మీద ఎఫ్ఎఫ్, జీజీ లాంటి రెండు అక్షరాలు ఉంటాయి. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా వేడెక్కినప్పటి పట్టు. ఇంగ్లిష్ అక్షరం 'ఈ' (E) అంటే పట్టు అంకె 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. మొదటి అక్షరం కంటే రెండోది తగ్గితే ఆ ప్యాడ్ వేడిలో జారిపోయే రకం, మనకు వద్దు. ఇక్కడే ఒక ఆశకు లోనుకావద్దు. ట్రాక్ ప్యాడ్ వేస్తే రోడ్డు మీద ఇంకా బాగుంటుందని చాలామంది అనుకుంటారు. పూర్తి రేసింగ్ ప్యాడ్ వేడెక్కేదాకా సరిగ్గా పట్టదు. డిసెంబరులో తెల్లవారుజామున ములుగు రోడ్డు ఎక్కగానే గేదె అడ్డం వస్తే దానికి వేడెక్కే వ్యవధి ఎక్కడిది? పైగా అది డిస్కును తింటుంది, కీచుమంటుంది. నీకు కావలసింది చల్లగా ఉన్నప్పుడు మొదటి తొక్కుకే పట్టి, నాలుగైదు వందల డిగ్రీల దాకా పట్టు వదలని మధ్యరకం. ఫెరోడో డీఎస్2500, ఈబీసీ ఎల్లోస్టఫ్ ఆ వరసలోవే. ఆక్టేవియా లాంటి బరువైన బండిని వేగంగా నడిపేవాళ్లకు అంతకంటే తేలిక రకాలు చాలవు. ఉత్త రోడ్డు వాడకానికైతే యూరప్ నియమం ఆర్90 ముద్ర ఉన్న ఏటీఈ, టెక్స్‌టార్ లాంటి కంపెనీ స్థాయి ప్యాడ్లు చాలు. ఆ ముద్ర ఉంటే అసలు ప్యాడ్ పట్టుకు పదిహేను శాతం లోపు తేడాలోనే ఉంటుందని నమ్మకం. వెనక ప్యాడ్లు కూడా ముందువాటికి సరిపడే రకమే వేయాలి. ముందు మాత్రమే మార్చి వెనక నాసిరకం వేస్తే బండి ముక్కు మీదే కూర్చుంటుంది. వెనక కాలిపర్ పిస్టన్‌ను నేరుగా నొక్కవద్దు. చేతి బ్రేకు తీగ దానికే ఉంటే తిప్పుతూ లోపలికి పంపాలి, లేకపోతే లోపలి మర చెడుతుంది.

కొత్త ప్యాడ్ పెట్టగానే గట్టిగా తొక్కడం దాన్ని చంపడమే. ఉదయాన్నే ఖాళీగా ఉండే సూటి రోడ్డు చూసుకో, వెనక ఎవరూ లేకుండా చూసుకో. ఎనభై నుంచి ఇరవై దాకా మధ్యస్థంగా ఎనిమిది పది సార్లు తగ్గించు, ఒక్కసారి కూడా పూర్తిగా ఆపొద్దు. తర్వాత పది నిమిషాలు బ్రేక్ దాదాపు వాడకుండా నడుపుతూ చల్లార్చు. ప్యాడ్ పదార్థం డిస్కు అంతటా పల్చగా, సమంగా పరుచుకుంటుంది. ఇందాక చెప్పిన వణుకు మళ్లీ రాకుండా కాపాడేది ఈ పొరే. వడ్లు, మక్కలు రోడ్డు మీద ఆరబోసే రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు. గింజల మీద ఏ బ్రేకూ పని చేయదు.

రంధ్రాల డిస్కుల గురించి అడిగావు. వద్దు. పాత కాలం ప్యాడ్లు వేడెక్కితే వాయువులు వదిలేవి, ఆ వాయువు పోవడానికి రంధ్రాలు పుట్టాయి. ఈనాటి ప్యాడ్లకు ఆ అవసరం బాగా తగ్గింది. రంధ్రం పెడితే వేడిని దాచుకునే ఇనుమే తగ్గుతుంది, గట్టిగా వాడితే రంధ్రాల చుట్టూ పగుళ్లు మొదలవుతాయి. చౌక కిట్లలో పోత డిస్కుకు డ్రిల్లు పెట్టి తీసిన రంధ్రాలే ఎక్కువ. వాన రోజున గాట్లున్న డిస్కు నీటి పొరను తుడుస్తుంది, ప్యాడ్ ముఖాన్ని శుభ్రంగా ఉంచుతుంది, కాస్త ప్యాడ్ ఎక్కువ అరుగుతుంది. ఆ పని చాలనుకుంటే గాట్ల డిస్కు తీసుకో. మంచి పోత ఇనుముతో చేసిన మామూలు గాలి గదుల డిస్కు నాకైతే అన్నిటికంటే ఇష్టం.

అయితే పెద్ద కిట్ ఎప్పుడు కావాలి? మంచి ఆయిల్, మంచి ప్యాడ్, మంచి టైరు ఉన్నా డిస్కు వేడి హద్దు దాటుతున్నప్పుడు. అది ట్రాక్ మీద జరిగే అవకాశం ఉంది, మన రోడ్ల మీద కాదు. మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద 2018 కేంద్ర ప్రకటన ప్రకారం కార్లకు గరిష్ఠం వంద. ఎన్‌హెచ్ 163, అంటే నీ హైదరాబాద్ రోడ్డు మీద వందలో నడిపితే నీ మామూలు డిస్కు వేడి హద్దు దాటదు. అంతకు మించి నడపడానికి బ్రేకులు అడిగితే నేను సలహా చెప్పను. జనగామ దాకా ఊళ్లు, సందులు, గొర్రెల మందలు ఉన్న రోడ్డు అది.

పిస్టన్ల సంఖ్య బలం కాదు. కాలిపర్ బలాన్ని ఒక పక్క పిస్టన్ల వైశాల్యంతో కొలవాలి. 54 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఒంటి పిస్టన్ వైశాల్యం సుమారు 2,290 చదరపు మిల్లీమీటర్లు. నాలుగు పిస్టన్ల కాలిపర్‌లో ఒక పక్క 38, 42 మిల్లీమీటర్ల పిస్టన్లు ఉంటే రెండూ కలిపి సుమారు 2,520. తేడా పది శాతం. దాంతో పాటు డిస్కు వ్యాసం 312 నుంచి 340కి పెరిగితే ప్యాడ్ నొక్కే చోటు కేంద్రానికి దూరమై ఇంకో తొమ్మిది పది శాతం కలుస్తుంది. ముందు బ్రేకు బలం ఇరవై శాతం పెరిగింది, వెనకది పెరగలేదు. అప్పుడు ముందు టైర్లు ముందే పట్టు తప్పుతాయి, వెనక టైర్లు చేయగలిగిన పని చేయకుండా మిగిలిపోతాయి, బండి మొత్తంగా దూరం వెళ్లి ఆగుతుంది. పెడల్ కూడా ఎక్కువ దిగుతుంది, ఎందుకంటే పెడల్ దగ్గర ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ పాతదే. ఆరు పిస్టన్లు పొడవైన ప్యాడ్‌ను సమంగా నొక్కడానికి, ఒక కొన ఎక్కువ అరగకుండా చూడటానికి ఉన్నాయి. అమ్మేవాడిని పిస్టన్ల కొలతలు అడుగు. చెప్పలేకపోతే లేచి వచ్చేయి.

నువ్వు నిజంగా పెద్ద డిస్కుకు పోవాల్సి వస్తే ఆ కంపెనీ కుటుంబంలోనే చూడు. ఇదే ప్లాట్‌ఫామ్ మీద వచ్చిన ఏడో తరం ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐకి మామూలుగా 312, పర్ఫార్మెన్స్ ప్యాక్‌లో 340 మిల్లీమీటర్ల డిస్కులు ముందు ఇచ్చారు. కాలిపర్ ఒకే పిస్టన్‌ది. ముందు వెనక సమతూకం, ఏబీఎస్ లెక్క అన్నీ ఇంజనీర్లు చూసి పెట్టినవి. అయితే నీ బండికి ఏ సైజు ఉందో ముందు తెలుసుకో. చిన్న డిస్కు ఉన్న కొన్ని రకాల్లో కాలిపర్ కూర్చునే భాగం, హబ్‌ను మోసే నకిల్‌తో కలిపి పోతపోసి ఉంటుంది. అప్పుడు నకిల్ కూడా మార్చాలి, ఖర్చు రెట్టింపు. డిక్కీలో స్టెప్నీ కింద ఉన్న స్టిక్కరులోని బ్రేకు కోడ్‌తో విడిభాగాల దుకాణంలో సరిచూడమని చెప్పు.

స్టెప్నీ అన్నాను కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. కిట్ వేసిన రోజే నీ స్టెప్నీ చక్రాన్ని ఆ కాలిపర్ మీద ఎక్కించి చూడు. పెద్ద కాలిపర్ మీద చిన్న చక్రం ఎక్కదు. రాత్రి పది గంటలకు తాడ్వాయి అడవిలో పంక్చర్ అయ్యాక ఆ సంగతి తెలిస్తే, పక్కన ఇంట్లోవాళ్లు కూడా ఉంటే, ఒకటిన్నర లక్ష కిట్ నీకు ఏం చేస్తుంది? రేసుల కోసం చేసిన కాలిపర్లలో చాలావాటికి పిస్టన్ చుట్టూ దుమ్ము తొడుగు ఉండదు. వాటిని రేసుల మధ్య విప్పి శుభ్రం చేస్తారు. మన దుమ్ములో అలాంటివి వానాకాలం దాటకముందే బిగుసుకుంటాయి. ఇంకోటి, ఆ కిట్ ప్యాడ్లూ డిస్కులూ రెండేళ్ల తర్వాత ఎక్కడ దొరుకుతాయో రాతపూర్వకంగా అడుగు. బ్రెంబో, ఏపీ రేసింగ్ పేర్లతో నకిలీలు విపరీతంగా తిరుగుతున్నాయి. పేరు స్టిక్కరుతో కాకుండా పోతలోనే ఉందా, సీరియల్ అంకె ఉందా, బిల్లు ఎవరి పేరుతో ఇస్తున్నారు, అన్నీ చూడు.

స్టీలు అల్లిక బ్రేక్ గొట్టాలు మంచివే. పాత రబ్బరు గొట్టం ఉబ్బేచోట ఇవి ఉబ్బవు, పెడల్ గట్టిగా అనిపిస్తుంది, ఆగే దూరం మాత్రం మారదు. ముద్రా పరీక్షా లేని లోకల్ సరుకైతే మాత్రం వద్దు, చివర తెగితే ఒక సర్క్యూట్ మొత్తం పోతుంది. కాలిపర్ మీద ప్లాస్టిక్ తొడుగులు అసలే వద్దు, వేడిని లోపలే ఆపుతాయి. ఏ మార్పు చేసినా ఇన్సూరెన్స్ కంపెనీకి రాసివ్వు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మార్పుల గురించే, క్లెయిమ్ రోజున దాన్ని వాళ్లే గుర్తు చేస్తారు. ఒక మాట బ్రేకులది కాకపోయినా చెబుతున్నాను. నీ డీఎస్‌జీ 250 న్యూటన్ మీటర్లకే రూపొందించిన డ్రై క్లచ్ రకం, కంపెనీ ట్యూనింగ్‌లోనే నీ ఇంజను ఆ అంచున ఉంది. రీమ్యాప్ టార్క్ ఎంత పెంచిందో కాగితం తెచ్చుకో.

ట్రాక్ కోసం మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరు కరి మన నుంచి వెళ్లేవాళ్లు ఎక్కువగా వెళ్లేవి. అక్కడ ప్రతి నాలుగైదు చుట్లకు ఒక చుట్టు నెమ్మదిగా, బ్రేక్ లేకుండా తిప్పి చల్లార్చు. పిట్‌లోకి వచ్చాక చేతి బ్రేకు వేయకు, చక్రం కింద రాయి పెట్టు. కొత్త ప్యాడ్ల జత, రేసింగ్ ఆయిల్ సీలు డబ్బా వెంట ఉంచు. వెళ్లే ముందు ముందు డిస్కుల అంచు మీద వేడికి రంగు మారే పెయింట్ మూడు గీతలు వేయించు. పచ్చ గీత 430 డిగ్రీలకు, నారింజ 560కి, ఎరుపు 610కి రంగు పోగొట్టుకుంటాయి. అది చాలా కొద్ది ఖర్చుతో అయ్యే పని, కానీ నీ బండికి ఏం కావాలో ఊహ లేకుండా చెబుతుంది.

ముందు ఈ నెలలోనే టైర్ల తారీఖు చూడు, నాలుగు చక్రాల ఆయిల్ మార్పించు, హబ్‌లు రుద్దించి డిస్కుల మందం కొలిపించు, ముందు వెనక ప్యాడ్లు ఒకే స్థాయివి వేయించు. ట్రాక్ నుంచి వచ్చాక ప్యాడ్ల ఫోటో, డిస్కు అంచు ఫోటో పంపు. పచ్చ గీత మాత్రమే మారి ఉంటే నీ కాలిపర్లు అలాగే ఉండనివ్వు, ప్యాడ్ రకం ఒక మెట్టు పెంచితే చాలు. నారింజ కూడా పోయి ఉంటే 340 డిస్కుల గురించి కూర్చుని మాట్లాడుకుందాం, అప్పుడు స్టెప్నీ కూడా వెంట తీసుకురా.